గేటు లోపల కెమెరా తీసే ముందు: ప్రైవేటు వేడుకల ఫోటోగ్రాఫరు తెలుసుకోవలసినవి

రుషికొండ దాటాక బీచ్ రోడ్డు పక్కన ఒక రిసార్టు పచ్చికలో సంగీత్ జరుగుతోంది. ఏసీ హాల్లోంచి బయటికి రాగానే సముద్రపు గాలికి లెన్సు మీద ఆవిరి కమ్మేసింది. మెత్తటి గుడ్డ కోసం సంచిలో చెయ్యి పెట్టి తల ఎత్తేసరికి ఎదురుగా మేనేజరు, అతని వెనక ఇద్దరు బౌన్సర్లు. "బయటి ఫోటోగ్రాఫర్లకు ఇక్కడ అనుమతి లేదు. తీసినవన్నీ చెరిపేసి వెళ్లండి" అన్నాడు. నన్ను ఫోనులో పిలిచింది పెళ్లికొడుకు బావగారు. స్థలం మాట్లాడుకున్నది పెళ్లికూతురి వాళ్లు. నా చేతిలో కాగితం ముక్క లేదు. నలుగురిలో గొడవెందుకని కార్డు నేనే ఫార్మాట్ చేశాను. పెళ్లికూతురి అమ్మమ్మ మంగళహారతి పాడుతూ కొంగుతో కళ్లు తుడుచుకున్న ఫోటో అందులోనే ఉంది.

నన్ను బయటికి పంపే హక్కు ఆ మేనేజరుకు ఉంది. ఫోటోలు చెరిపించే హక్కు లేదు. స్థలం మీద హక్కు వేరు, తీసిన ఫోటో మీద హక్కు వేరు. ఈ తేడా తెలియక ఆ రోజు నేను రెండూ వదులుకున్నాను. మన విశాఖలో పెళ్లిళ్లు, సీమంతాలు, కంపెనీ వార్షికోత్సవాలు తీసే కుర్రవాళ్లు ఇప్పటికీ ఇదే తప్పు చేస్తుంటే చూస్తూ ఊరుకోలేక, ఏ పని ఎప్పుడు చేసుకోవాలో వరుసగా రాస్తున్నాను.

ముందు స్థలం ఎవరిదో తేల్చుకోండి

ఆర్డరు ఒప్పుకునే రోజునే అడగవలసిన ప్రశ్న ఇది. "వేడుక ఎక్కడ?" అని అడిగి ఊరుకోకండి. "హాలు ఎవరి పేరు మీద బుక్ చేశారు? బుకింగ్ కాగితం ఫోటో తీసి పంపిస్తారా?" అని అడగండి. ఆ కాగితం వెనక చిన్న అక్షరాల్లో ఉండే షరతులే మీకు ముఖ్యం. బయటి వంటవాళ్లు, బయటి అలంకరణ, బయటి ఫోటోగ్రాఫర్లు వస్తే అదనపు రుసుము కట్టాలని కొన్ని చోట్ల రాసి ఉంటుంది. అది ముందే తెలిస్తే కుటుంబం మాట్లాడి తేల్చుకుంటుంది. ముహూర్తానికి గంట ముందు గేటు దగ్గర తెలిస్తే ఆ డబ్బు మీ జేబులోంచే పోతుంది.

ఇతరుల స్థలంలో పని చేసుకోవడానికి దొరికే అనుమతిని చట్టం లైసెన్సు అంటుంది. దీన్ని నిర్వచించేది 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం. అది మొట్టమొదట అమలైన ప్రాంతాల్లో మద్రాసు ప్రెసిడెన్సీ ఒకటి, విశాఖ అప్పట్లో అందులోదే. ఇచ్చిన అనుమతిని యజమాని సాధారణంగా వెనక్కి తీసుకోవచ్చని 60వ సెక్షను చెబుతుంది. మనవాళ్లు ఎవరూ చదవనిది 63వ సెక్షను. అనుమతి రద్దయ్యాక బయటికి వెళ్లడానికి, అక్కడ పెట్టుకోనిచ్చిన సామాను తీసుకుపోవడానికి తగినంత సమయం పొందే హక్కు మీకుందని అది చెబుతుంది. "ఈ క్షణమే పో" అని గొడుగు లైట్లు, స్టాండ్లు లోపలే పెట్టి గేటు వేసేస్తే అది చట్టం ఒప్పుకునే పద్ధతి కాదు.

రాజ్యాంగం ఇచ్చిన భావ ప్రకటన స్వేచ్ఛ ఉంది కదా అని కొందరు వాదిస్తారు. అది ప్రధానంగా ప్రభుత్వం మనల్ని అడ్డుకోకుండా కాపాడే హక్కు. కళ్యాణ మండపం యజమాని కాదన్నాక అతని స్థలంలో ఫోటోలు తీసే హక్కును అది ఇవ్వదు. రోడ్డు మీద నిలబడి ఆ మండపం దీపాలను తీయడానికి మాత్రం ఎవరి అనుమతీ అక్కర్లేదు. ప్రహరీ దాటినప్పటి నుంచే యజమాని మాట చెల్లుతుంది.

పీఎం పాలెం క్రికెట్ స్టేడియంలాంటి చోట టికెట్టు కొనడమంటే దాని వెనక ఉన్న షరతులు ఒప్పుకోవడమే. పెద్ద కెమెరా లోపలికి తేకూడదని రాసి ఉంటే వాదించి లాభం లేదు. సింహాచలం ఆలయం ప్రైవేటు ఆస్తి కాకపోయినా అక్కడి నియమాలు ఇంకా గట్టివి. కొండ మీద పెళ్లి తీయడానికి వెళ్తే మండపం వరకే మీ పని. గుడి లోపలికి కెమెరా, ఫోను తీసుకెళ్లకండి.

కాగితం ఎలా ఉండాలి

పెద్ద దస్తావేజు అవసరం లేదు. బుక్ చేసినవారు హాలు మేనేజరుకు వాట్సాప్‌లో పంపి, ఆయన "సరే" అని జవాబిచ్చినా మీకు ఆధారమే. నేను కుటుంబాలకు ఇచ్చే నమూనా ఇది:

"ఫలానా తేదీన మీ హాలులో జరిగే మా అమ్మాయి పెళ్లికి ఫలానా స్టూడియో వారు ఉదయం 5 గంటల నుంచి రాత్రి 11 గంటల వరకు ఫోటోలు, వీడియో తీస్తారు. నలుగురు మనుషులు, రెండు లైటు స్టాండ్లు వస్తాయి. ఇందుకు వేరే రుసుము ఏమీ లేదు. ఫోటోల్లో హాలు కనిపించడానికి, వాటిని స్టూడియో తన పనికి నమూనాగా చూపించుకోవడానికి మీకు అభ్యంతరం లేదని తెలియజేయగలరు."

ఇందులో గంటలు తప్పకుండా రాయించండి. ఆర్డరు ముహూర్తం వరకే అనుకుని వెళ్తాం, తెల్లవారుజామున అప్పగింతలు ఉంటాయి. అప్పటికి రాత్రి కాపలావాళ్లు మారిపోతారు. కొత్తగా వచ్చినవాళ్లకు మీరెవరో తెలియదు. ఆ జవాబును ఫోనులో ఉంచుకోవడమే కాదు, అచ్చు తీయించి కెమెరా సంచిలో ప్లాస్టిక్ కవరులో పెట్టుకోండి. సముద్రం పక్కన కాగితం ఒక్క పూటలో మెత్తబడిపోతుంది, ఫోను చార్జింగు సరిగ్గా అప్పుడే అయిపోతుంది.

కుటుంబంతో రాసుకునే ఒప్పందం, అందులో ఒక వాక్యం

అన్నిటికన్నా ఎక్కువ మంది పొరబడేది ఇక్కడే. "ఫోటో తీసింది నేను, కాపీరైటు నాదే" అని పాతికేళ్లుగా పనిచేస్తున్నవారు కూడా నాతో అన్నారు. 1957 కాపీరైటు చట్టం ఫోటో తీసిన వ్యక్తినే దాని కర్త అంటుంది, నిజమే. కానీ అదే చట్టంలోని 17వ సెక్షను ఇంకో మాట కూడా చెబుతుంది. ఎవరైనా డబ్బిచ్చి, అడిగి తీయించుకున్న ఫోటోకు, వేరే ఒప్పందం లేకపోతే, తీయించుకున్నవారే మొదటి యజమాని. వీడియోకూ ఇదే వర్తిస్తుంది. అంటే కాగితం లేకుండా మీరు తీసిన ప్రతి పెళ్లి ఆల్బం చట్టం దృష్టిలో ఆ కుటుంబానిదే. మీ స్టూడియో గోడ మీద వేలాడదీసిన ఫోటోను తీసేయమంటే తీసేయాల్సిందే.

"వేరే ఒప్పందం లేకపోతే" అన్న ఆ మూడు మాటలే మీకు దారి. అడ్వాన్సు రసీదు మీదే ఇలా రాయించుకోండి:

"ఈ వేడుకలో తీసిన ఫోటోలు, వీడియోలపై కాపీరైటు స్టూడియోకే ఉంటుంది. కుటుంబ సభ్యులు వాటిని సొంత అవసరాలకు ఎన్నేళ్లయినా వాడుకోవచ్చు, ఎన్ని కాపీలైనా తీయించుకోవచ్చు, సామాజిక మాధ్యమాల్లో పెట్టుకోవచ్చు. కుటుంబం రాసి ఒప్పుకున్న ఫోటోలను మాత్రమే స్టూడియో తన ప్రచారానికి వాడుకుంటుంది."

కింద రెండు పక్షాల సంతకాలు, తేదీ. చివరి వాక్యం చూసి మీరు వెనకాడవచ్చు. నేను మాత్రం దాన్ని ఎప్పుడూ తీసేయలేదు. మన పేరు కోసం ఒక ఇంటి ఆడపిల్ల ఫోటోను ఆమెకు తెలియకుండా ఊరికి చూపించకూడదు. పైగా ఆ వాక్యం చదివాకే చాలామంది మిగతాదానికి ధైర్యంగా సంతకం పెడతారు.

ఒకవేళ కుటుంబమో కంపెనీయో కాపీరైటు మొత్తం తమకే కావాలంటే ఇవ్వవచ్చు, దానికి తగిన ధర అడగండి. బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో ఉంటేనే చెల్లుతుంది. ఎంతకాలానికో రాయకపోతే ఐదేళ్లని, ఎక్కడికో రాయకపోతే భారతదేశం వరకేనని 19వ సెక్షను లెక్కిస్తుంది. బదిలీ చేసినా 57వ సెక్షను కింద కర్తగా మీ పేరు చెప్పుకునే హక్కు, మీ గౌరవానికి భంగం కలిగేలా ఆ ఫోటోను వికృతం చేస్తే అడ్డుకునే హక్కు మీకు మిగిలే ఉంటాయి. ఇక ఒక ఫోటో మీద కాపీరైటు ఎంతకాలం ఉంటుందంటే, 2012 సవరణ తరువాత తీసినవారి జీవితకాలం, ఆ పైన 60 ఏళ్లు. మీ మనవలకు కూడా పనికొచ్చే ఆస్తి అది. రసీదు మీద మూడు వాక్యాలు రాయడానికి బద్ధకించకండి.

మీతో వచ్చే అసిస్టెంటు తీసిన ఫోటోల సంగతి కూడా అదే రోజు అతనితో రాసుకోండి. అతను నెల జీతానికి పనిచేస్తే ఒక లెక్క, రోజు కూలికి వస్తే ఇంకో లెక్క. రాత ఉంటే ఏ లెక్కా అక్కర్లేదు.

అతిథులు, ఆడవాళ్ల గదులు, పిల్లలు

హాలు అనుమతి, కుటుంబం అనుమతి ఉన్నంత మాత్రాన లోపలున్న అందరి ముఖాలూ మీవి కావు. గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టులో సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు ఇచ్చింది. భోజనాల దగ్గర ముద్ద నోట్లో పెట్టుకుంటున్న పెద్దాయన "వద్దు బాబూ" అంటే కెమెరా దించండి. ఆల్బంకు ఆ ఒక్క ఫోటో లేకపోతే ఏమీ తగ్గదు.

పెళ్లికూతురి ముస్తాబు గది విషయంలో నేను చాలా కఠినంగా ఉంటాను. తలుపు కొట్టి, లోపలినుంచి "రండి" అన్న మాట వినకుండా నా మనుషులెవరూ గడప దాటరు. ఒక ఆడమనిషి వెంట లేకుండా అసలు దాటరు. దుస్తులు మార్చుకునే వేళ ఒక మహిళ దృశ్యాన్ని దొంగచాటుగా తీయడం, దాన్ని పంచడం ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షను కింద నేరం, మొదటిసారికే ఏడాది నుంచి మూడేళ్ల దాకా జైలు. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. తీయడానికి ఒప్పుకుని, ఇతరులకు చూపించడానికి ఒప్పుకోకపోయినా, చూపిస్తే అదీ ఆ సెక్షను కిందికే వస్తుంది. ముస్తాబు ఫోటోలను వేరే ఫోల్డరులో పెట్టి, పెళ్లికూతురికి మాత్రమే ఇవ్వండి. కుటుంబ గుంపులో పంచే లింకులో అవి కలవకూడదు.

పిల్లల విషయంలో తల్లిదండ్రుల మాటే ఆఖరు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్లు నిండనివారందరినీ పిల్లలుగానే లెక్కించి, తల్లిదండ్రుల సమ్మతి కోరుతుంది. దాని నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, దశలవారీగా అమలవుతాయి. ఇంట్లోవాళ్లు సొంతానికి దాచుకునే ఫోటోలకు ఆ చట్టం అడ్డు రాదు. స్టూడియో ప్రచారానికి ఒక పసివాడి ముఖం వాడుకోవడం సొంత వాడకం కాదు.

వేదిక మీద కళాకారులు ఉంటే

గురజాడ కళాక్షేత్రంలోనో, కళాభారతిలోనో ఒక సంస్థ నాట్య ప్రదర్శన పెట్టి మిమ్మల్ని పిలిచిందనుకోండి. ఫోటోకు, వీడియోకు ఇక్కడ తేడా ఉంది. ప్రదర్శనను ధ్వనిగానో, కదిలే దృశ్యంగానో రికార్డు చేసే హక్కును కాపీరైటు చట్టం 38ఏ సెక్షను కళాకారులకే ఇచ్చింది. కాబట్టి నిర్వాహకులు ఒప్పుకున్నా సరే, వీడియోకు కళాకారుల సమ్మతి కూడా ఉందో లేదో అడిగి తెలుసుకోండి. కదలని ఫోటో ఆ హక్కు పరిధిలోకి రాదు, అక్కడ నిర్వాహకుల షరతులే చూసుకోవాలి. పెళ్లి ఊరేగింపులో సినిమా పాట వాయించడానికి చట్టంలో మినహాయింపు ఉంది. అదే పాటను మీరు వీడియోకు అతికించి యూట్యూబులో పెడితే ఆ మినహాయింపు కాపాడదు.

డ్రోన్ విషయంలో విశాఖ వేరే ఊరు

హైదరాబాదు నుంచి వచ్చే బృందాలు ఇక్కడ తడబడేది దీనివల్లే. ఇది తూర్పు నౌకాదళ ప్రధాన కేంద్రం. మన విమానాశ్రయం రన్‌వే నౌకాదళానికి చెందిన ఐఎన్‌ఎస్ డేగాది. భీమిలి బీచ్ రోడ్డు పక్కనే ఐఎన్‌ఎస్ కళింగ ఉంది. పచ్చిక రిసార్టుదే అయినా దాని మీది ఆకాశం రిసార్టుది కాదు. "ఎగరేసుకోండి, మేం చూసుకుంటాం" అని మేనేజరు ఇచ్చే హామీకి ఏ విలువా లేదు.

2021 డ్రోన్ నియమాల ప్రకారం విమానాశ్రయం చుట్టుపక్కల ఉండే పసుపు జోనులో ఎగరేయాలంటే విమాన రాకపోకల నియంత్రణ అధికారుల అనుమతి కావాలి. ఎన్ఏడీ కూడలి, మర్రిపాలెం, గాజువాక వైపు వేడుకలన్నిటికీ ఇది ముందే చూసుకోవాలి. ఎర్ర జోనులో కేంద్ర ప్రభుత్వ అనుమతి లేనిదే కుదరదు. 250 గ్రాముల లోపు డ్రోన్‌కు పైలట్ లైసెన్సు అక్కర్లేదు కానీ, జోను నియమాలు దానికీ వర్తిస్తాయి. ఇదే చాలామంది మరిచిపోయేది. అంతకన్నా బరువైన డ్రోన్‌తో డబ్బు తీసుకుని పని చేస్తే లైసెన్సు ఉండాల్సిందే. ఈ జోనులు చూపించే ప్రభుత్వ డిజిటల్ స్కై పటంలో వేడుక స్థలం వెతికి, ఆ రోజు ఉదయం మరోసారి చూడండి. భోగాపురం విమానాశ్రయం వల్ల భీమిలి అవతల కూడా పాత లెక్కలు నమ్ముకోవడానికి లేదు. అనుమానం ఉంటే కుటుంబానికి ముందే చెప్పేయండి. పై నుంచి తీసిన ఒక్క దృశ్యం కోసం నౌకాదళ ప్రాంతాల దగ్గర కేసు తెచ్చుకోవడం తగని పని.

ఆపమంటే ఏం చేయాలి

మొదట కెమెరా దించండి, కానీ మెడలోంచి తీయకండి. గొంతు పెంచకుండా "మీరెవరు, ఏ హోదాలో చెబుతున్నారు?" అని అడగండి. కాగితం చూపించండి. స్థలం బుక్ చేసిన మనిషిని అక్కడికి పిలిపించండి. మీరూ మేనేజరూ వాదించుకోవడం కన్నా, డబ్బు కట్టినవారు మాట్లాడితే పది నిమిషాల్లో తేలిపోతుంది.

అప్పటికీ వెళ్లిపొమ్మంటే వెళ్లిపోండి. కేవలం ఉండిపోవడం వల్లే నేరం అయిపోదు. కానీ అవమానించే, బెదిరించే, విసిగించే ఉద్దేశంతో ఉండిపోయారని అవతలివారు చెబితే అక్రమ ప్రవేశం కిందికి లాగవచ్చు. న్యాయ సంహిత 329వ సెక్షను దానికి మూడు నెలల దాకా జైలు గానీ, 5 వేల రూపాయల దాకా జరిమానా గానీ, రెండూ గానీ పెట్టింది. ఇల్లు, కట్టడం లోపలైతే ఏడాది దాకా. "సామాను సర్దుకోవడానికి పదిహేను నిమిషాలు ఇవ్వండి" అని అందరూ వినేలా అడిగి, సర్దుకుని బయటికి రండి.

కార్డు మాత్రం ఇవ్వకండి, చెరపకండి. మేనేజరుకు గానీ, బౌన్సరుకు గానీ మీ సంచి వెతికే, కెమెరా లాక్కునే అధికారం ఏ చట్టమూ ఇవ్వలేదు. దారికి అడ్డం నిలబడి కదలనివ్వకపోతే న్యాయ సంహితలో 126వ సెక్షను, గదిలో పెట్టి తలుపు వేస్తే 127వ సెక్షను ఉన్నాయి. కావాలని కెమెరా పగలగొట్టి లక్ష రూపాయలు, ఆ పైన నష్టం కలిగిస్తే 324వ సెక్షను కింద ఐదేళ్ల దాకా శిక్ష పడవచ్చు. ఈ సెక్షన్లు వాళ్ల ముఖం మీద చదవకండి, మంట ఇంకా పెరుగుతుంది. గేటు బయటికి వచ్చి 112కు ఫోను చేయండి. రిసార్టు భీమిలి స్టేషను పరిధిలోదా, పీఎం పాలెం పరిధిలోదా అన్న చర్చ వస్తే, ఎక్కడ జరిగినా ఏ స్టేషనులోనైనా ఫిర్యాదు తీసుకోవాలని, సీఆర్పీసీ స్థానంలో వచ్చిన నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షను చెబుతుందని మర్యాదగా గుర్తుచేయండి.

పోలీసులు అడిగితే సంగతి వేరు. నేరానికి సంబంధం ఉందన్న అనుమానంతో వస్తువును స్వాధీనం చేసుకునే అధికారం వారికి ఉంది. అప్పుడు పెనుగులాడకండి. స్వాధీన పత్రం అడగండి, అందులో కెమెరా సీరియల్ నంబరు, కార్డు కంపెనీ, సామర్థ్యం రాయించండి. సోదా, స్వాధీనం వీడియో తీయాలని సురక్షా సంహిత 105వ సెక్షను పోలీసులనే ఆదేశిస్తోంది. ఫోటోలు చెరిపేయమని పోలీసులు అన్నా, అవి సాక్ష్యం కావచ్చని చెప్పి, చెరపకుండా అప్పగించడమే మేలు.

కార్డుల సంగతి

రెండు కార్డులు పట్టే కెమెరా అయితే రెండింటిలోనూ ఒకేసారి ఫోటో పడేలా అమర్చుకోండి. ఒకటే పడితే చిన్న కార్డులు వాడి, ప్రతి ఘట్టం తరువాత మార్చండి. జీలకర్ర బెల్లం అయ్యాక ఒకటి, తలంబ్రాలు అయ్యాక ఇంకొకటి. నిండినవి అసిస్టెంటు దగ్గర ఉండాలి, మీ జేబులో కాదు. గొడవ జరిగిన రోజు కార్డు ఏదైనా ఉంటే దాన్ని కవరులో పెట్టి, మీద తేదీ, సమయం రాసి, అందులో ఇక ఏమీ తీయకుండా దాచండి. కోర్టులో ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి సాధారణంగా ధ్రువపత్రం కావాలి, అసలు కార్డు చెదరకుండా ఉంటే ఆ పని సులువవుతుంది.

బలవంతం మీద చెరిపేయాల్సి వచ్చినా అంతా పోయినట్టు కాదు. కెమెరాలో మామూలుగా ఫార్మాట్ చేస్తే పోయేది సాధారణంగా సూచిక మాత్రమే, ఫోటోలు వాటి మీద కొత్తవి రాసేదాకా కార్డులోనే ఉంటాయి. కార్డంతా తుడిచేసే లో లెవెల్ ఫార్మాట్ జోలికి వెళ్లకండి. ఆ క్షణమే కార్డు బయటికి తీసి, కొత్తగా ఏమీ రాయనివ్వని రాత తాళం కార్డుకు ఉంటే వేసి, ఇంటికి వెళ్లి రికవరీ సాఫ్ట్‌వేరుతో లాగండి. ఆ సంగీత్ రాత్రి నాకిది తెలియదు. మేనేజరు శాంతించి మళ్లీ లోపలికి పిలిచాక అదే కార్డు మీద ఇంకో గంట పనిచేశాను. తరువాత ఒక మిత్రుడు సగం ఫోటోలు బయటికి తీయగలిగాడు. అమ్మమ్మ ఫోటో పైసగం వచ్చింది. హారతి పళ్లెం పట్టుకున్న చేతుల నుంచి కింద అంతా బూడిద రంగు చారలే. ఆవిడ వాళ్లింట్లో ఆ తరువాత ఏ పెళ్లికీ లేరు.